సోమలమ్మ వెనక్కి తీసుకున్న మాట

మా నర్సీపట్నంలో ఒకప్పుడు ఎవరి ముక్కు సూటిగా ఉన్నా, ఎవరి తల గుండ్రంగా ఉన్నా ఆ ఘనత కన్నవాళ్లది కాదు, సోమలమ్మది. ఈ మాట అనేది నేను కాదు, ఆవిడే. బస్టాండులో కండక్టరు దేవుళ్లు టిక్కెట్లు కొడుతూ ఉంటే కిటికీ కింద నిలబడి గొంతెత్తేది. "ఒరే దేవుళ్లూ, నీ ముక్కు ఒకపాలి అద్దంలో సూసుకో. పుట్టినప్పుడు పకోడీ లాగుండీది. నొక్కి నొక్కి నానే దారికి తెచ్చేను!" దేవుళ్లు మీసాలున్న మనిషి, ఆర్టీసీ ఉద్యోగి, పైగా బస్సు నిండా జనం. ఏం చేస్తాడు పాపం, ముక్కు తడుముకుని నవ్వేవాడు.

సోమలమ్మ పని పసిపిల్లలకి నీళ్లు పోయడం. ప్లాస్టిక్ టబ్బులో పిల్లని కూచోబెట్టి, సబ్బు నురగ పూసి, ఫోటో తీసుకుని మురిసిపోయే ఇప్పటి తల్లులకి ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది. వాళ్లకి నేనేం చెప్పను? ఆ రోజుల్లో పురుడొచ్చిన ఇంటికి మంత్రసాని తరవాత అడుగుపెట్టవలసిన మనిషి నీళ్లు పోసే ఆవిడే. పీట వేసుకుని, కాళ్లు బారజాపి, ఆ కాళ్ల మీద పిల్లని పడుకోబెట్టుకుని, ఒళ్లంతా ఆముదం పట్టించేది. సున్నిపిండితో నలిచి, చెంబుతో వేడినీళ్లు పోసేది. నీళ్లు కళ్లలోకి జారకుండా ఎడమ అరచెయ్యి పిల్ల నుదుటి మీద అడ్డం పెట్టేది. ఆ పైన సాంబ్రాణి పొగ. అప్పుడు నిద్రపోయిన పిల్ల మధ్యాహ్నం దాకా కన్ను తెరిచేది కాదు. పచ్చి బాలింతకి అంతకంటే కావలసిందేముంది?

ఆవిడ పుట్టిల్లు మాకవరపాలెం. పెళ్లయి మా ఊరొచ్చి అత్తగారి దగ్గర ఈ పని నేర్చుకుంది. మొగుడు ఏటికొప్పాక వైపు చెరుకు బళ్లు తోలేవాడు, చాలా ముందే పోయాడు. పిల్లల్లేరు. ఎవరైనా అయ్యో అనబోతే, "నాకేటి తక్కువ? ఊరు ఊరంతా నా కాళ్ల మీదే పెరిగింది" అని వాళ్ల నోరు మూయించేది. అడ్డపొగ తాగేది, అంటే చుట్టని నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీల్చడం. మా అత్తగారు వర్ధనమ్మగారికి ఆ వాసన చచ్చినా గిట్టదు. అందుకని సోమలమ్మ దొడ్డి గుమ్మం దగ్గరే చుట్ట ఆర్పేసి, నూతి గట్టు మీద నోరు పుక్కిలించి, మోచేతుల దాకా తోముకుని, అప్పుడు పిల్లని అందుకునేది.

ఊళ్లో ఆవిడ పరపతి అంతా ఆవిడ మాట మీద నిలబడి ఉండేది. పిల్ల పాలు కక్కినా, బొడ్డు ఉబ్బినా, ఒంటిమీద పొక్కులు లేచినా, ముందు అడిగేది "సోమలమ్మ ఏమంది?" అనే. ఆవిడ "పోద్దిలెండి" అంటే ఇంటిల్లిపాదీ హాయిగా నిద్రపోయేవారు. "ఆసుపత్రికి బేగి పట్టుకెల్లండి" అంటే రిక్షా పిలిచేవారు. అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆవిడ ఎరగదు.

నేనప్పుడు గర్ల్స్ హైస్కూల్లో సైన్సు టీచర్ని. మావారు దక్షిణామూర్తిగారు తాలూకాఫీసులో గుమాస్తా. ఎనభయ్యో సంవత్సరం ఫిబ్రవరిలో సూర్యగ్రహణం వచ్చింది, ఆనాటి వాళ్లకి జ్ఞాపకం ఉండే ఉంటుంది. పట్టపగలు మెయిన్ రోడ్డు మీద పురుగన్నది లేదు. నాకు అయిదో నెల. మా అత్తగారు నన్ను గదిలో పడుకోబెట్టి, కిటికీలకి గోనెసంచులు కట్టి, "కదలకు, గోక్కోకు. నువ్వెక్కడ చెయ్యి వేస్తే బిడ్డకి అక్కడ మచ్చ పడుతుంది" అని హెచ్చరించి గుమ్మానికి అడ్డంగా కూచున్నారు. గోక్కోవద్దంటే ఒళ్లు వింటుందా? గోనె దుమ్ము కుడికంట్లో పడింది. ఓర్చుకుని ఓర్చుకుని చివరికి కన్ను నలుపుకున్నాను. ఆవిడ చూడనే చూశారు.

జూన్‌లో నాకు ఆడపిల్ల పుట్టింది. మా అమ్మ నా చిన్నతనంలోనే పోవడంతో పురుడు అత్తవారింట్లోనే పోశారు. పిల్ల ఒంటిమీద ఎక్కడా చిన్న మచ్చ కూడా లేదు. అత్తగారు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. ఆ ఊపిరి రెండు వారాలైనా నిలవలేదు. పిల్ల కుడి కనురెప్ప మీద దోమ కుట్టినట్టు చిన్న ఎర్ర చుక్క లేచింది.

అత్తగారు నన్ను ఒక్క మాట అనలేదు. నా కుడికంటి వైపు చూసి నిట్టూర్చేవారు, అంతే. నన్ను తిట్టినా బాగుండేది, ఎదురు చెప్పడానికి వీలుండేది. సూర్యుడు శాంతించాలని పిల్లకి ప్రభావతి అని పేరు పెట్టించారు. గ్రహణపు మచ్చకి మందు పెట్టకూడదని, డాక్టరు చెయ్యి తగలకూడదని, ఏడాది తిరిగాక సూర్యుడికి గోధుమలు దానమిస్తేనే పోతుందని ఆవిడ గట్టి నమ్మకం. బళ్లో నల్లబల్ల మీద సూర్యుణ్ణి, చంద్రుణ్ణి, భూమిని గీసి గ్రహణమంటే ఉత్త నీడేనని పిల్లలకి చెప్పేదాన్ని. ఇంటికొస్తే నా సైన్సు చెప్పులతో పాటు గుమ్మం దగ్గరే ఆగిపోయేది.

చుక్క బఠాణీ గింజంతైంది, తరవాత రేగుపండంతైంది. మెత్తగా, ఎర్రగా ఉండేది, పిల్ల ఏడిస్తే ఇంకా కమిలేది. ఒకరోజు అత్తగారు వినకుండా సోమలమ్మని అడిగాను.

"ఒలమ్మ, దీనికేటి బెంగ పంతులమ్మా!" అంది ఆవిడ, పిల్ల వీపు నలుస్తూ. "ఇలాటివి ఎన్ని సూడలేదు? పుట్టినప్పుడుండవు, ఎనకాల వొస్తాయి. కొన్నాల్లు పెరుగుతాయి, మరాటంతటవే తెల్లబడి పోతాయి. లోవరాజుగారి మనవడికి బుజం మీద ఇంతుండీది. ఇప్పుడెల్లి సూడండి, ఉందేటి?"

వెళ్లి చూశాను కూడా. ఆ పిల్లాడి భుజం మీద కాస్త వదులుగా, తెల్లగా ఉన్న చర్మం తప్ప ఏమీ లేదు. నా గుండెల మీద బరువు దిగిపోయింది. సోమలమ్మ చెప్పింది అబద్ధం కాదు. ఆవిడ చూసిన పిల్లలందరికీ అలాగే పోయింది మరి. చిక్కంతా అక్కడే వచ్చింది.

శ్రావణం, భాద్రపదం గడిచాయి. రెప్ప బరువెక్కి కిందికి జారుతూ వచ్చింది. మొదట సగం కన్ను కనిపించేది, తరవాత సన్నటి గీత. విశాఖపట్నం తీసుకెళ్దామని నేనంటే, ఆ మాట ఎలా చెవిన పడిందో గానీ, "సోమలమ్మ పోతుందన్నది కదా" అనేవారు అత్తగారు. చుట్ట వాసన గడప దాటనివ్వని ఆవిడకి, తనకి పనికొచ్చేసరికి సోమలమ్మ మాట వేదమైపోయింది. మావారి సంగతి చెప్పనక్కర్లేదు. ఆఫీసులో ఫైలు పై అధికారికి పంపించినట్టు నా మాట వాళ్లమ్మకీ, వాళ్లమ్మ మాట నాకూ పంపించేవారు. తన సంతకం మాత్రం ఎక్కడా ఉండేది కాదు.

దసరా సెలవుల్లో ఒక ఉదయం. నూతి దగ్గర సోమలమ్మ కాళ్ల మీద ప్రభ. కేరింతలు కొడుతోంది. సున్నిపిండి పలుకు ఒకటి జారి ఎడమకంటి మూలకి పోయింది. సోమలమ్మ తడిగుడ్డ మడిచి ఆ కన్ను మీద వేసింది. అంతే, పిల్ల ఒక్కసారి ఉలిక్కిపడి, చేతులు గాల్లో కొట్టుకుంటూ గుక్కపట్టి ఏడ్చింది. గుడ్డ తీయగానే ఊరుకుంది. సోమలమ్మ చెయ్యి ఆగిపోయింది. ఈసారి గుడ్డని కావాలని గడ్డ ఉన్న కన్ను మీద వేసింది. పిల్ల ఏమీ పట్టనట్టు ఆడుకుంటూనే ఉంది. మళ్లీ ఎడమకన్ను మూసింది. మళ్లీ అదే ఏడుపు.

ఇత్తడి చెంబు ఎండలో తళతళా మెరుస్తోంది. దాన్ని పిల్ల ముఖం ముందు అటూ ఇటూ తిప్పింది. ఎడమకన్ను తెరిచి ఉంటే చూపు చెంబు వెంట పరిగెత్తింది. దాన్ని మూస్తే చూపు ఎటూ పోలేదు. నేను ఆ పక్కనే నిలబడి చూస్తున్నాను.

సోమలమ్మ పిల్లకి తుడిచి, సాంబ్రాణి వేసి, నా చేతికిచ్చింది. తిన్నగా వెళ్లి మా అత్తగారి ఎదుట నిలబడింది.

"అమ్మగోరూ, నాను తప్పు సెప్పేను. ఈ గుంటని బేగి పెద్దాసుపత్రికి పట్టుకెల్లండి. మచ్చ పోతాది గాని, అది పోయీలోగా కన్ను పోయీలాగుంది."

"గ్రహణపు మచ్చే, దానికి మందేమిటి?" అన్నారు అత్తగారు.

"గ్రవణం సూరీణ్ణి ఆ రోజే ఇడిసి ఒగ్గీసింది కదమ్మా. ఆడు సుబ్బరంగా ఎండ కాస్తన్నాడు. ఈ గుంట కంటినే ఇంకా ఒగ్గలేదు."

అత్తగారు వేరే వైపు నుంచి వచ్చారు. "పోతుందని నువ్వే అన్నావు. ఇప్పుడు కాదంటున్నావు. రేపు ఊళ్లో తెలిస్తే నీ మాటకి విలువేముంటుందే?"

"ఇలువ నేకపోతే మానీ. పిలవడం మానీస్తారు, అంతే కదా. ఈ కన్ను పోతే నాను తేగలనేటి?"

ఆ మనిషి అలా అనడం నేనెప్పుడూ వినలేదు. అత్తగారూ వినలేదు. సోమలమ్మే తన మాట తప్పంటోందంటే ఇంకేదో పెద్ద విషయం ఉందని ఆవిడకి భయం పుట్టింది. నా సైన్సు చేయలేని పని ఆ భయం చేసింది. మర్నాడే అందరం బయల్దేరాం. సోమలమ్మ కూడా వచ్చి, తాళ్లపాలెం, అనకాపల్లి మీదుగా విశాఖపట్నం దాకా పిల్లని ఒళ్లోంచి దించలేదు. అనకాపల్లిలో బస్సు ఆగినా చుట్ట ముట్టించలేదు.

పెద్దాసుపత్రిలో కంటి డాక్టరు గారు నెమ్మదైన మనిషి. గ్రహణం సంగతి మా వాళ్లు చెబితే నవ్వలేదు. "రక్తనాళాలు గుంపుగా పెరిగితే ఇలా గడ్డ కడుతుంది. తల్లి చేసిన తప్పేమీ ఉండదు" అన్నారు. ఆ ముక్క కోసం నేను నాలుగు నెలలుగా మొహం వాచి ఉన్నాను. అక్కడే ఏడ్చేశాను.

"పోతుందని ఈవిడ చెప్పింది కూడా నిజమే" అన్నారాయన సోమలమ్మ వైపు చూసి. "చాలామందికి మందే అక్కర్లేదు, కొన్నేళ్లకి దానంతటదే కరిగిపోతుంది. కానీ పసికందుకి పుట్టగానే చూపు పూర్తిగా రాదు. చూస్తూ చూస్తూ కన్ను నేర్చుకోవాలి. రెప్ప మూసుకుపోతే నేర్చుకోదు, మెదడు ఆ కన్నుని లెక్కలోంచి తీసేస్తుంది. గడ్డ బరువుకి కనుగుడ్డు వంపు కూడా మారుతుంది. రేపు గడ్డ పోయి కన్ను అందంగా తెరుచుకుంటుంది, చూపు మాత్రం ఉండదు. అప్పుడు తెచ్చి లాభం లేదు. కొంచెం ముందే వచ్చి ఉంటే ఇంకా బాగుండేది."

సోమలమ్మ గోడవార నేల మీద కూచుని ఉంది. "అయితే బాబూ, ఏ మచ్చని ఒగ్గీయొచ్చు, ఏది ఒగ్గీకూడదు? నాకు సెప్పండి. నాను ఇల్లిల్లూ తిరిగీ మనిసిని" అంది.

ఆయన ఓపిగ్గా చెప్పారు. ఒంటిమీద మామూలు చోట ఉంటే కనిపెట్టుకుని ఉంటే చాలు. కంటి దగ్గర, ముక్కు మీద, పెదవి మీద ఉన్నా, పుండు పడినా, రక్తం కారినా, గొంతు దగ్గర ఉండి పిల్ల ఊపిరికి గురగురమన్నా ఆలస్యం చేయకూడదు. పుట్టుకతోనే ముఖం మీద చదునుగా, ద్రాక్షరంగులో ఉండే మచ్చ వేరే జాతిది, అది పోదు, దాన్నీ చూపించాలి. సోమలమ్మ పెదాలు కదుపుతూ వింది. తిరుగు బస్సులో అదంతా నాకు అప్పజెప్పింది, ఎక్కడా తడబడకుండా.

మాత్రలు పొడి చేసి పాలల్లో కలిపి పట్టమన్నారు. మధ్యలో మానేయవద్దని, తగ్గించేటప్పుడు తామే కొద్దికొద్దిగా తగ్గిస్తామని మరీ మరీ చెప్పారు. ఆ మందుకి పిల్ల ముఖం పూరీలా పొంగింది. అది మందు ప్రభావమని నేను ఎంత చెప్పినా వినకుండా, మనవరాలు ఒళ్లు చేసిందని అత్తగారు రోజూ దిష్టి తీసేవారు. వారాలు గడిచేకొద్దీ గడ్డ మెత్తబడింది, కుంచించుకుపోయింది, రెప్ప లేచింది. ఆ కన్ను మళ్లీ పూర్తిగా తెరుచుకున్న రోజు మావారు ఆఫీసుకి సెలవు పెట్టి పిల్ల ముందు కూచున్నారు. ఆయన సంతకం పెట్టిన మొదటి ఫైలు అదే.

అసలు కష్టం ఆ తరవాతే మొదలైంది. బద్ధకించిన కన్నుకి పని చెప్పాలంటే బాగున్న కన్నుకి రోజూ కొంతసేపు గంతలు కట్టాలి. నడక వచ్చిన పిల్ల గంతలు ఉంచుకుంటుందా? నేను కట్టడం, అది పీకేయడం, నేను కసరడం, అది ఏడవడం. నీళ్లు పోసే రోజులు ఎప్పుడో అయిపోయినా సోమలమ్మ సాయంత్రం పూట వచ్చేది. ఏటికొప్పాక లక్కబొమ్మలు ఒక బుట్టెడు చాప మీద పోసి, "ఎర్ర బొంగరం తే, పచ్చ గిన్ని తే" అని పిల్లని ఆడించేది. గంతలున్న సంగతే ప్రభ మరిచిపోయేది. అలా ఏళ్ల తరబడి వచ్చింది. కళ్లజోడు వచ్చాక కూడా మానలేదు.

ఈలోగా మా అత్తగారు అన్నట్టే జరిగింది. సోమలమ్మ మాటకి నిలకడ లేదన్నారు, ముసలిదానికి చూపు తప్పిందన్నారు. లోవరాజుగారి ఇంట్లో కొత్తగా పుట్టిన మనవరాలికి నీళ్లు పోయడానికి వేరే మనిషిని పెట్టారు. పిలిచిన ఇళ్లలో మాత్రం ఆవిడ మొదటిరోజే పిల్లని వెలుగులో తిప్పి చూసేది, ఒక కన్ను మూసి ఇంకో కన్ను ముందు చెంబు ఆడించేది. "కంటి డాక్టరమ్మ వచ్చింది" అని వెనక నవ్వేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. ఆవిడకి మండేది కాదు.

ప్రభకి ఏడేళ్లు వచ్చాక డాక్టరు గారు ఇక గంతలు అవసరం లేదంటూ చివరి పరీక్ష చేశారు. సోమలమ్మ కూడా వచ్చింది. ఎడమకన్ను మూసి, గోడ మీద అక్షరాల పటం చదవమన్నారు. పై నుంచి పెద్ద అక్షరాలు గడగడా చదివింది మా పిల్ల. కింద చిన్నవి వచ్చేసరికి నెమ్మదించింది. ఆ తరవాత ఆగిపోయింది.

"ఇంకెన్ని వరసలున్నాయమ్మా?" అంది సోమలమ్మ నా చెవిలో. ఆవిడకి చదువు రాదు.

"రెండే" అన్నాను.

డాక్టరు గారికి సంతోషంగానే ఉంది. ఇంతమటుకు రావడమే గొప్ప, జోడు పెట్టుకుంటే ఏ చదువుకీ అడ్డం ఉండదు అన్నారు. నేను ఆయనకి దణ్ణం పెట్టాను. నా కడుపు నిండిపోయింది. సోమలమ్మ మాత్రం బస్సెక్కి కూచున్నాక అంది, "ఆ రెండు వరసలూ నాను తినీసినవే పంతులమ్మా. పోద్దిలే అని నాను కూకోబెట్టీసిన రోజులవి."

నేను కోప్పడ్డాను. మరి పై వరసలన్నీ ఎవరిచ్చారని అడిగాను. ప్రభ అయితే, "అవి ఈగ కాళ్లంత ఉన్నాయి సోమలమ్మామ్మా, అవెవరికి కావాలి?" అంది. ఆవిడ దాని తల నిమిరింది గానీ ఒప్పుకోలేదు.

ఆ తరవాత ఆవిడ ఏ ఇంట్లో పీట వేసుకున్నా ముందు ఈ కథే చెప్పేదట. తను కాపాడిన కన్ను గురించి కాదు, పోగొట్టిన వరసల గురించి. నాకిది రెండేళ్లకి గానీ తెలియలేదు. ఎనభై తొమ్మిదిలో ఒక సాయంత్రం, బడి నుంచి వస్తుంటే చంకలో పిల్లాడితో ఒకామె నన్ను ఆపింది. ఆమెది మాకవరపాలెం పక్క పల్లెటూరు.

"రెండొరసల పంతులమ్మగోరు మీరేనాండీ?" అంది.

నాకు నవ్వొచ్చింది, మనసు చివుక్కుమంది కూడా. ఆమె పేరు అప్పయమ్మ. పిల్లాడికి పుట్టిన మూడోవారంలో రెప్ప మీద ఎర్ర చుక్క లేచిందట. పుట్టింటి వైపు వెళ్లిన సోమలమ్మ మా పిల్ల కథ చెప్పి, ఆ వారంలోనే విశాఖపట్నం పంపించిందట. వేళకి మందు పడింది, రెప్ప అసలు దిగనే లేదు. రెండు కళ్లకీ చూపు సమానంగా ఉందని డాక్టరు గారు చెప్పారట. ఈ మాట సోమలమ్మతో చెప్పడానికే వచ్చింది, ఇల్లు ఎక్కడో తెలియక తిరుగుతోంది.

నేనే తీసుకెళ్లాను. అప్పటికి సోమలమ్మ మోకాళ్లు పట్టేసి, కాళ్లు బారజాపి కూచోలేక పని మానేసింది. అప్పయమ్మ పిల్లాణ్ణి ఆవిడ ముందు దింపింది. ఆవిడ వాడి ఒక కన్ను అరచేత్తో మూసింది, తరవాత రెండోది మూసింది. వాడు ఏ కన్ను మూసినా ఏడవలేదు, ఉన్న కన్నుతో ఆవిడ ముఖంకేసి చూసి నవ్వాడు. ఆవిడ కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారాయి. ఆవిడ ఏడవడం నేను చూసింది అప్పుడే.

"చూశావా, ఇక ఆ మాట వదిలెయ్యి సోమలమ్మా" అన్నాను.

"ఒక వరస బాకీ తీరింది పంతులమ్మా" అంది ఆవిడ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "ఇంకోటుంది."